టేకు కనపడాలన్నారు, ఆకుపచ్చ దగ్గర ఆగాం: ఒక పాత రంగుల బీరువా కేస్ స్టడీ

పాత చెక్క సామాను బాగుచేయడం నాకు వృత్తి కాదు, సెలవుల్లో ఇష్టంగా చేసుకునే పని. కుర్చీలు, భోషాణాలు, తలుపులు కొన్ని చేశాను. వాటన్నిటిలో ఈ బీరువా గురించే వివరంగా రాయడానికి కారణం ఉంది. రంగు పూసిన పాత చెక్క సామాను కనపడితే చాలు, మనలో ఎవరినడిగినా మొదట చెప్పేది ఒకటే, రంగంతా గీకించేసి పాలిష్ పట్టించండి, కింద మంచి టేకు ఉంటుంది అని. చాలాసార్లు అది నిజమే. ఈ బీరువా విషయంలో మాత్రం ఆ సలహా పాటించి ఉంటే వస్తువే పోయేది. అలా అని ఎప్పుడు తెలిసింది, ఎలా తెలిసింది, ఒక్కో చోట ఎందుకు ఆగాల్సొచ్చింది అన్నది ఇలాంటి పని మొదలుపెడదామనుకునే వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా. ఇంటివాళ్ళ అనుమతి తీసుకున్నాను, వాళ్ళని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

గోదావరి జిల్లాల్లో ఒక ఊరు, పాత పెంకుటిల్లు. బీరువా ఐదున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల పైన వెడల్పు, రెండు రెక్కల తలుపు, ఒక్కో రెక్కలో పైనొకటి కిందొకటి ప్యానెళ్ళు, లోపల నాలుగు అరలు. 1950ల్లో ఊళ్ళో వడ్రంగి చేత చేయించారని ఇంట్లో చెప్తారు. ముందు వంటింట్లో ఇత్తడి సామాను, ఊరగాయ జాడీలు పెట్టుకున్నారు, తర్వాత పడగ్గదిలో బట్టలకి వాడారు, చివరికి వెనక వరండాలో తడి గోడకి ఆనించి పాత పుస్తకాలు, ఖాళీ సంచులు కుక్కేశారు. పెళ్ళికో పండక్కో ఇంటికి రంగులేసినప్పుడల్లా డబ్బాలో మిగిలిన ఎనామిల్ దీనికీ ఒక పూత వేసేవాళ్ళట. నేను చూసేటప్పటికి బిస్కెట్ రంగులో ఉంది, అది కూడా పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి.

ఇంటి పెద్దావిడకి డెబ్భై దాటాయి, నేను పిన్నిగారూ అంటాను. వాళ్ళబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇల్లు అమ్మేస్తున్నారు కాబట్టి బీరువాని ఫ్లాట్‌కి తీసుకెళ్దామని ఆయన ఆలోచన. ఆ ఫ్లాట్‌లో రెండేళ్ళ పాప ఉంది. ఈ పాప విషయం గుర్తుపెట్టుకోండి, సగం నిర్ణయాలు దాన్ని బట్టే జరిగాయి.

మొదటిరోజే ఇద్దరి మాటలూ రెండు వైపులకి వెళ్ళాయి.

"అన్నా, రంగంతా తీసేసి టేకు కనపడేలా పాలిష్ చేసేద్దాం, ఫ్లాట్‌లో బాగుంటది."

"నేను కాపరానికొచ్చినప్పుడు అది ఆకుపచ్చగా ఉండేది నాయనా, పసుపు గీతలూ ఎర్ర చుక్కలూ ఉండేవి దానికి."

"అమ్మా, అవన్నీ ఇప్పుడెక్కడుంటాయి, ఎప్పుడో పోయుంటాయి."

పిన్నిగారు ఇంకేం మాట్లాడలేదు. ఎవరి మాట వినాలన్నది నేను అప్పుడే తేల్చలేదు, బీరువాలో ఏముందో చూశాక చెప్తానన్నా. ఏ పనిముట్టూ పట్టుకోకముందు అన్ని వైపులా ఫోటోలు తీసి, అరల చెక్కలు ఏది ఎక్కడిదో వెనకవైపు సుద్దతో నంబర్లు వేసి, మా ఇంటి వెనక రేకుల షెడ్డులోకి తెప్పించుకున్నా.

పైకి కనపడే సమస్యలు, వాటి వెనకున్నవి

ఇంటివాళ్ళు చెప్పినవి మూడు. పుచ్చు పట్టింది, ఎడమ వెనక కాలు కుంగింది, కుడి తలుపు బిగుసుకుపోయి తెరుచుకోవట్లేదు. మూడూ నిజమే, కానీ మూడింటికీ వాళ్ళనుకుంటున్న కారణాలు కావు.

పుచ్చు సంగతి ముందు. చిల్లులు కనపడ్డంత మాత్రాన లోపల పురుగు ఉన్నట్టు కాదు. చిల్లు అంటే పెద్దదైన పురుగు బయటికి వెళ్ళిపోయిన దారి, అది ముప్ఫై ఏళ్ళ నాటిది కూడా కావచ్చు. అందుకే మందు కొట్టే ముందు బీరువాని శుభ్రంగా దులిపి, కింద, అరల మీద నల్ల చార్టు కాగితాలు పరిచి, ఉన్న చిల్లుల చుట్టూ సుద్దతో గుర్తులు పెట్టి కొన్ని వారాలు వదిలేశా. కింది అర మీద, వెనక చెక్కల కింద వేలికి అంటుకునేంత మెత్తటి లేతరంగు పొడి రాలింది. చెక్క పెంకు పురుగు వదిలే పొడి అలాగే ఉంటుంది. ఎండు చెక్కలో ఉండే చెదలైతే గసగసాల సైజులో గట్టి గింజలు రాలుస్తాయి, వేళ్ళ మధ్య నలిపితే గరగరమంటాయి. ఆ తేడా తెలియకుండా మందు కొనకండి. ఎడమ వెనక కాలు తిన్నది మళ్ళీ వేరే జాతి, నేలలోంచి మట్టి గొట్టాలు కట్టుకుని వచ్చే మామూలు చెదలు. ఆ గొట్టాలు ఎండిపోయి ఖాళీగా ఉన్నాయి, గోటితో విరిస్తే లోపల ఒక్క పురుగూ లేదు. అంటే కాలుని తిన్నవి ఎప్పుడో వెళ్ళిపోయాయి, వెనక చెక్కల్ని తింటున్నవి ఇంకా ఉన్నాయి.

ఇంకో విషయం కూడా గమనించా. చిల్లులన్నీ దాదాపు లోపలివైపు, వెనకవైపు, అంటే రంగు లేని చెక్క మీదే ఉన్నాయి. ఈ పురుగు పూత లేని చెక్క రంధ్రాల్లో గుడ్లు పెడుతుంది, రంగు పొర మీద పెట్టలేదు. ఇంతకాలం బయటి వైపుని కాపాడింది ఆ ఎనామిల్ పూతలే. గీకేద్దాం అనుకుంటున్న రంగు గురించి నాకు మొదటిసారి మర్యాద కలిగింది ఇక్కడే.

తలుపు బిగుసుకోవడానికి చెక్క ఉబ్బడం ఒక కారణం, అసలు కారణం పై బందు. దాని మరలు వదులై రెక్క మొత్తం కిందికి వేలాడి అవతలి రెక్కకి రాసుకుంటోంది.

పొరలు చదవడం

రంగు తీసే పని ఏదైనా, ముందు ఒక చిన్న కిటికీ తెరవాలి. తలుపు మూస్తే కనపడని అంచు దగ్గర రెండంగుళాల చోటు ఎంచుకుని, నీళ్ళు తడిపిన సాండ్ పేపర్‌తో మధ్యలో ఎక్కువ, అంచులకి తక్కువ అరగదీస్తే పొరలన్నీ ఒకదాని చుట్టూ ఒకటి వలయాల్లాగా బయటపడతాయి. ఇక్కడ పైన బిస్కెట్ రంగు, దాని కింద చాక్లెట్ బ్రౌన్, దాని కింద ఆకాశ నీలం, ఆ కింద ఆకుపచ్చ, అట్టడుగున ఎర్రటి ప్రైమర్. పిన్నిగారు చెప్పింది అక్షరాలా నిజం. ఇంకొంచెం పక్కకి జరిగి తెరిస్తే ఆకుపచ్చ మీద సన్నటి పసుపు గీత కూడా తగిలింది.

అది చూసి సంతోషపడే లోపే ఇంకో సంగతి బుర్రలోకొచ్చింది. సీసం. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న రూల్ 2016లో నోటిఫై చేశారు, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకొచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్‌లో సీసం ఎంతైనా ఉండొచ్చు. అందులోనూ ఆ కాలం ఆకుపచ్చ అంటే చాలా వరకు క్రోమ్ గ్రీన్, అంటే సీసంతో చేసే క్రోమ్ యెల్లో అనే పసుపు, ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలం రెండూ కలిపింది. పసుపు గీత క్రోమ్ యెల్లో అయ్యే అవకాశం ఎక్కువ, అడుగున ఎర్ర ప్రైమర్ రెడ్ ఆక్సైడో (ఇనుముతో చేసేది) రెడ్ లెడ్డో (సీసంతో చేసేది) కంటితో చెప్పలేం. టెస్ట్ చేయించే దారి నాకు దగ్గర్లో లేదు కాబట్టి, ఉంది అనే అనుకుని పని చేయాలని నిర్ణయించుకున్నా. ఈ అనుకోలు వల్ల పోయేదేమీ లేదు, పని కొంచెం నెమ్మదవుతుంది అంతే. లేదనుకుని పని చేస్తే నష్టం పాపలాంటి వాళ్ళకి, ఎందుకంటే చిన్నపిల్లల ఒంట్లోకి సీసం పెద్దవాళ్ళకంటే ఎక్కువగా ఇంకుతుంది, ఇంతవరకైతే పర్వాలేదు అనే మోతాదు తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది.

దీంతో కొన్ని దారులు వాటంతటవే మూసుకుపోయాయి. పొడిగా సాండింగ్ చేయకూడదు, గ్రైండర్‌కి ఫ్లాప్ డిస్క్ బిగించి చేసే పని అసలు వద్దు. హీట్ గన్, బ్లో ల్యాంప్ వద్దు, ఆ వేడికి సీసం పొగగా లేస్తుంది. నేల మీద మందం ప్లాస్టిక్ షీట్, సన్నటి నుసిని కూడా ఆపే పీ100 ఫిల్టర్లున్న మాస్క్, పనికి విడిగా ఒక జత బట్టలు, ఆ బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకకపోవడం, చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవడం, పెచ్చులన్నీ ఏరోజుకారోజు రెండు కవర్లలో కట్టి ఇంటి ప్రమాదకర చెత్త కింద విడిగా ఇవ్వడం. మన పెయింటర్లలో చాలామంది ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని పాత ఎనామిల్‌ని పొడిగా రాస్తుంటారు, చూస్తే భయమేస్తుంది. దయచేసి మీ ఇంట్లో అలా చేయనివ్వకండి, వాళ్ళకి కూడా చెప్పండి.

పని చేయనివి

పాలిష్ ఆలోచన అప్పటికింకా బతికే ఉంది, అందుకని కుడి తలుపు లోపలివైపు (తలుపులకి మాత్రం లోపల కూడా రంగుంది) ఒక ప్యానెల్ మీద పెయింట్ రిమూవర్ జెల్ రాసి చూశాం. ఆరుబయట, గ్లౌజులు, మాస్క్‌కి ఆవిర్లని ఆపే కాట్రిడ్జ్‌తో. జెల్ బాగా పని చేసింది, ఆ బాగా పని చేయడమే ఇక్కడ ఇబ్బంది. బిస్కెట్, బ్రౌన్, నీలం, ఆకుపచ్చ అన్నీ కలిసి ఒకే ముద్దయి లేచొచ్చాయి. ఇవన్నీ నూనె జాతి పూతలే, మందుకి ఏ పొర దగ్గర ఆగాలో తెలియదు. అంటే రిమూవర్ వాడితే ఆకుపచ్చ దక్కదు, చెక్క దాకా వెళ్ళడమొక్కటే దారి.

చెక్క దాకా వెళ్తే ఏముందో కూడా అదే ప్యానెల్ చెప్పింది. చుట్టూ ఫ్రేము టేకు, మంచి చేవ ఉన్న చెక్క. మధ్యలో ప్యానెల్ మామిడి. దాని పక్క ప్యానెల్ మూల గీకి చూస్తే ఇంకేదో తేలిక తెల్ల చెక్క, వేరే దేన్నుంచో తీసి వాడినట్టు పాత మేకుల చిల్లులు, వాటిలో లప్పం కూరి ఉంది. అప్పుడర్థమైంది. ఆ వడ్రంగి బరువు మోసే చోట టేకు వాడి, మిగతా చోట అందుబాటులో ఉన్నది వాడాడు. రంగు వేస్తారని తెలిసే అలా చేశాడు. ఈ బీరువా పుట్టుకతోనే రంగు బీరువా, టేకు మీద తర్వాతెవరో రంగు పూసి చెడగొట్టింది కాదు. రంగంతా తీసేసి పాలిష్ పడితే ఒకచోట ముదురు, ఒకచోట పాలిపోయిన రంగు, మధ్యలో లప్పం మచ్చలు, మొత్తం అతుకుల బొంత కనపడుతుంది. అబ్బాయిని షెడ్డుకి పిలిచి ఆ ప్యానెల్ చూపించా. కాసేపు చూసి, "అన్నా, అయితే అమ్మ చెప్పిందే చేద్దాం" అన్నాడు. నేను వాదించాల్సిన అవసరం రాలేదు, చెక్కే చెప్పేసింది.

రెండోది సోడా. ఆకుపచ్చ మీద వంటింటి జిడ్డు, మసి పట్టి ఉన్నాయి, బట్టల సోడా నీళ్ళతో తుడిస్తే పోతుందని చాలామంది సలహా. ఒక మూల గోరంత చోట పెట్టి చూస్తే జిడ్డుతో పాటు ఆకుపచ్చ కూడా గోధుమరంగులోకి తిరిగింది. ప్రష్యన్ బ్లూ క్షారానికి నిలబడదు, విడిపోయి తుప్పురంగు మిగులుతుంది. గడియ చుట్టూ ఆకుపచ్చ ఎందుకలా మాడినట్టుందో కూడా దీంతో తెలిసింది, ఏళ్ళ తరబడి పండగలకి అక్కడే సోడాతో రుద్దారు. కాస్టిక్ సోడాతో రంగు వదిలించే పాత పద్ధతి ఉంది కదా, దానికి కూడా ఇదే సమాధానం, పైగా అది టేకుని నల్లబరుస్తుంది.

మూడోది కిరసనాయిలు. ఇది నేను చేసింది కాదు, ఇంట్లోవాళ్ళు ఏళ్ళుగా చిల్లుల్లో పోస్తూ వచ్చారు. తగిలిన పురుగు చస్తుంది గానీ కిరసనాయిలు ఆవిరైపోతుంది, లోతుగా ఉన్న పిల్లపురుగుకి ఏమీ కాదు. పోసిన చోటల్లా మరక, వాసన, ఆ చెక్క మీద ఏ పూతా సరిగ్గా పట్టదు. ఎడమ కాలు కథ కూడా ఇలాంటిదే, చెదలు తిన్న ఖాళీలో ఎవరో సిమెంటు కూరారు. సిమెంటు నేల తేమని పీల్చి పట్టి ఉంచుతుంది, చుట్టూ మిగిలిన మంచి చెక్క కూడా మెత్తబడిపోయింది.

పని చేసింది

పొరల కిటికీ దగ్గర స్కాల్పెల్ మొనని కొంచెం వంచి తోస్తున్నప్పుడు, నీలం పొర అంచు గోరంత పెచ్చుగా టప్పున లేచింది. తిప్పి చూస్తే పెచ్చు వెనకవైపు నున్నగా మెరుస్తోంది, కింద ఆకుపచ్చ మీద పల్చటి మసి పొర. నీలం వేసిన పెయింటర్ కింద జిడ్డు తుడవలేదు, సాండ్ పేపర్ తగిలించలేదు. అందువల్ల నీలానికి ఆకుపచ్చతో పట్టు కుదరలేదు. బ్రౌన్, బిస్కెట్ రెండూ మాత్రం నీలానికి గట్టిగా అతుక్కున్నాయి. అంటే పై మూడు పొరలూ కలిసి ఒకే రేకులా లేస్తాయి, అదీ సరిగ్గా మనకి కావాల్సిన చోట. ఆనాటి అశ్రద్ధ ఇవాళ మనకి మేలు చేసింది.

కాబట్టి మందుల దారి వదిలేసి చేతి పనికి వచ్చా. హెయిర్ డ్రయర్ తక్కువ వేడి మీద పెట్టి ఒక జానెడు మేర గోరువెచ్చగా చేసి, అంచులు మొద్దు చేసిన పల్చటి బ్లేడుని దాదాపు పడుకోబెట్టి కిందికి దూర్చడం, లేచినంత తీయడం, మొండికేస్తే వదిలేసి పక్కకి వెళ్ళడం. డ్రయర్ వేడి హీట్ గన్ వేడికి చాలా దూరం, పొర మెత్తబడుతుంది తప్ప పొగ రాదు. మాస్క్ మాత్రం తీయలేదు, పెచ్చు విరిగినప్పుడు నుసి లేస్తుంది కదా. విసుగు పుట్టించే పని ఇది, ఒప్పుకుంటా, కానీ ఎడమ తలుపు పై ప్యానెల్ పూర్తిగా బయటపడిన రోజు ఆ విసుగంతా పోయింది. ఆకుపచ్చ మీద అంచు చుట్టూ పసుపు గీత, గీత లోపల ఎర్ర చుక్కల వరస. స్కేలు పెట్టి గీసింది కాదు. గీత ఒకచోట లావుగా మొదలై పోనుపోను సన్నబడి, జానెడు తర్వాత మళ్ళీ లావుగా మొదలవుతుంది. అక్కడ ఆ పెయింటర్ కుంచెని మళ్ళీ రంగులో ముంచాడన్నమాట. ఒక మూల చుక్క కొంచెం కారింది, దాన్ని తుడిచిన గుర్తు కూడా ఉంది.

జిడ్డు, మసి తీయడానికి సోడా కుదరదని తేలింది కాబట్టి మెత్తటి వాటి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ చూశా. దూది పుల్లకి డిస్టిల్డ్ వాటర్ తడిపి, తర్వాత టర్పెంటైన్, అదీ కనపడని అంచులో. దూదికి నలుపు అంటితే మురికి వస్తున్నట్టు, ఆకుపచ్చ అంటితే వెంటనే ఆపాలి. మసికి టర్పెంటైన్ సరిపోయింది, మిగిలిన మరకలకి ఉమ్మి. వినడానికి ఎలాగో ఉంటుంది గానీ మ్యూజియం కన్సర్వేటర్లు నిజంగా వాడే పద్ధతే, ఉమ్మిలో ఉండే ఎంజైములు అలాంటి మురికిని మెల్లగా విడదీస్తాయి. ఒక్క జాగ్రత్త, సీసం ఉన్న చోట వాడిన దూది పుల్లని మళ్ళీ నోటి దగ్గరికి తేకూడదు, గ్లౌజు వేళ్ళతో నోరు ముట్టుకోకూడదు. ఉమ్మిని ముందే ఒక చిన్న గిన్నెలోకి తీసుకుని పెట్టుకున్నా.

అన్ని చోట్లా ఇంత బాగా జరగలేదు. కుడి పక్కగోడ మీద ఎప్పుడో ఎవరో శ్రద్ధగా సాండింగ్ చేసి నీలం వేశారు, అక్కడ ఆకుపచ్చ దాదాపు అరిగిపోయింది, మిగిలిన నీలం ఊడి రాదు. దాన్ని బలవంతంగా తీయడంలో అర్థం లేదనిపించింది. తడి సాండింగ్‌తో నున్న చేసి, ఉన్న పొరలన్నిటినీ సీల్ చేసి, పైన కొత్త ఆకుపచ్చ వేశా. ముందువైపు పాత ఆకుపచ్చకి దగ్గరగా ఉంటుంది గానీ అదేనని భ్రమ కలిగించదు, దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది, తెలియాలి కూడా.

ముందువైపు రాలిపోయిన చోట రంగు నింపే ముందు మధ్యలో లక్క పూత వేశా. ఎందుకంటే నేను వేసే టచప్ రేపు ఎవరికైనా నచ్చకపోతే, అసలు రంగుకి దెబ్బ తగలకుండా దాన్ని తీసేయగలగాలి. లక్క పలుకుల్ని స్పిరిట్‌లో గాజు సీసాలో నానబెట్టి కదపకుండా ఉంచితే మైనం అడుక్కి దిగుతుంది, పైన తేరినది మాత్రమే ఒంపుకోవాలి. మైనం ఉంటే పైన వేసే వాటర్ బేస్ వార్నిష్ పట్టదు. ఇనుప డబ్బాలో కలపకండి, లక్క నల్లబడుతుంది. నెలల తరబడి నిలవున్నది కూడా వద్దు, అది ఎన్ని రోజులైనా జిగటగానే ఉంటుంది. లక్క ఆరాక దాని మీద అక్రిలిక్ రంగులతో, పోయిన చోట వరకే, పగటి వెలుతుర్లో, ఆరిన రంగుతో పోల్చుకుంటూ నింపా. డబ్బాలో కొన్న ఆకుపచ్చ ఏదీ కుదర్లేదు, పాత ఆకుపచ్చ అన్నేళ్ళలో పసుపెక్కి, కొంచెం నలుపెక్కి ఉంది. పసుపు, నీలం, చిటికెడు నలుపు, కొద్దిగా కావి కలిపితే దగ్గరకొచ్చింది. వంకరగా ఉన్న గీతని సరిచేయలేదు. కారిన చుక్కనీ ముట్టుకోలేదు.

కాలు పని సూటిగా అయింది. సిమెంటు తీసి, మెత్తబడిన చెక్కంతా గట్టి చెక్క తగిలే దాకా కోసేసి, కోతని ఏటవాలుగా పెట్టి, పాత ద్వారబంధం టేకు ముక్కని రేఖలు అదే దిశలో ఉండేలా చెక్కి, ఫెవికాల్, వెదురు మేకులతో అతికించా. ఏటవాలు కోత ఎందుకంటే అతుక్కునే వైశాల్యం పెరుగుతుంది, బరువు ఒక్క గీత మీద పడదు. నాలుగు కాళ్ళ కిందా కడప రాయి ముక్కలు పెట్టించా, నేల తేమ చెక్కకి అంటకుండా.

పుచ్చుకి బోరాక్స్, బోరిక్ యాసిడ్ రెండూ కలిపి గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి, రంగు లేని లోపలివైపు, వెనకవైపు కుంచెతో తాగినంత పట్టించా, చిల్లుల్లోకి సిరంజితో. ఇది రంగు పొర గుండా ఇంకదు, అదృష్టవశాత్తూ పురుగు ఉన్నదీ రంగు లేని వైపే. వెనక చెక్కల్లో ఒకటి వేలితో నొక్కితే లోపలికి పోయేంత డొల్లయింది, దాన్ని మార్చక తప్పలేదు, మిగతావి ఉంచా. మందు పెట్టిన అరల్లో తినే సరుకులు పెట్టొద్దని గట్టిగా చెప్పా, వాళ్ళు పుస్తకాలకీ ఇత్తడి సామానుకీ అనుకున్నారు కాబట్టి ఇబ్బంది లేదు. పాత చిల్లులన్నీ మైనంతో పూడ్చా. అందం కోసం కాదు, మళ్ళీ కొత్త చిల్లు పడితే వెంటనే కనపడాలని.

తలుపు విషయంలో మా ఊరి వడ్రంగి మేస్త్రి ఒక్క నిమిషంలో చిత్రిక పట్టేస్తానన్నాడు. నేను వద్దన్నా. బీరువా వెళ్ళేది హైదరాబాద్‌కి, అక్కడి వేసవి పొడిగాలికి ఈ చెక్క తప్పకుండా కుంచించుకుంటుంది. ఇక్కడి వానాకాలంలో సరిపోయేలా చిత్రిక పడితే అక్కడ ఎండాకాలం రెండు రెక్కల మధ్య వేలు పట్టే సందు వస్తుంది, పైగా అంచు మీద పాత రంగు పోతుంది. బందు మరల చిల్లుల్లో వెదురు పుల్లలు జిగురుతో దిగ్గొట్టి పాత ఇత్తడి మరలే మళ్ళీ బిగిస్తే రెక్క పైకి లేచి తలుపు చాలావరకు సర్దుకుంది. ఇదే కారణంగా ప్యానెళ్ళని ఫ్రేముకి జిగురుతో అతికించలేదు, కదలడానికి చోటుంటే చీలవు.

పాప, పాత రంగు

ఎక్కువ ఆలోచించింది దీని గురించే. అంత కష్టపడి బయటికి తెచ్చిన ఆకుపచ్చలోనే సీసం ఉండే అవకాశం ఎక్కువ. పదిలంగా ఉన్న పొర నుంచి ప్రమాదం తక్కువ, రాసుకునే చోట నుసిగా రాలేదే అసలు ప్రమాదం. కాబట్టి తలుపు అంచులు, రెక్కలు కలిసే చోటు, అరలు జారే చోటు, ఈ మూడు చోట్లా రంగుని తడిగా చెక్క దాకా తీసేశా, అక్కడ పాత రంగు మీద మమకారం పెట్టుకోలేదు. మిగతా బయటి ముఖమంతా లక్క మీద వాటర్ బేస్ వార్నిష్ రెండు పూతలు. పాలీయురేథేన్ ఇంకా గట్టిగా ఉంటుంది నిజమే, కానీ దాన్ని రేపు తీయాలంటే కింద రంగుతో సహా పోతుంది. అబ్బాయితో చెప్పింది ఇది: పాప గదిలో పెట్టొద్దు, తడిగుడ్డతోనే తుడవండి, ఎక్కడైనా పెచ్చు లేస్తే ఆ రోజే నాకు ఫోన్ చేయండి, పాప పళ్ళొచ్చే వయసులో అంచులు కొరకకుండా చూసుకోండి. ఇవన్నీ కుదరవు అనుకుంటే పాత రంగుని ఉంచే ఆలోచనే మానేయమని కూడా చెప్పా. ఇంట్లో చిన్నపిల్లలుండి ఇంత గమనించే తీరిక లేనివాళ్ళకి నా సలహా ఇప్పటికీ అదే.

తర్వాతి వాళ్ళకి

ఏ మందు, ఏ పనిముట్టు అని అడిగే ముందు ఏ పొర దగ్గర ఆగాలి అన్నది తేల్చుకోండి. ఆ ఒక్కటి తేలకుండా కొన్న సామానంతా దండగ. పొరల కిటికీకి ఖర్చు ఒక సాండ్ పేపర్ ముక్క, అరగంట టైము. ప్యానెల్ ఏ చెక్కో, ఫ్రేము ఏ చెక్కో లోపలివైపు ఒక మూల గీకి చూసుకుంటే పాలిష్‌కి పనికొస్తుందో లేదో అక్కడే తెలిసిపోతుంది. రెండూ ఒకే మంచి టేకై ఉండి, కింద పొరల్లో చేతిపని ఏమీ లేకపోతే, సీసం జాగ్రత్తలన్నీ తీసుకుని రంగు తీయించడంలో తప్పేమీ లేదు, నేనూ అలాంటివి చేశాను. ఇంట్లో పెద్దవాళ్ళు ఇది ఇలా ఉండేది అని చెప్తే మాత్రం కొట్టిపారేయకండి. మా పనిలో దొరికిన ఆధారాల్లో మొదటిది పిన్నిగారి మాటే.

బీరువా ఇప్పుడు హైదరాబాద్‌లో హాల్లో ఉంది. వేసవిలో అనుకున్నట్టే కుంచించుకుంది, ఎడమ తలుపు కింది ప్యానెల్ పక్కన రంగు వెయ్యని సన్నటి చెక్క గీత కనపడుతోంది. అది వానలకి మళ్ళీ మూసుకుంటుంది, దాన్ని పూడ్చొద్దని చెప్పా. కింది అర వెనక మూల ఒకచోట కొత్త చిల్లు, కొంచెం పొడి కనపడిందని అబ్బాయి ఫోటో పంపాడు. మొదటిసారి మందు అందని లోతులో ఏదో మిగిలుంటుంది. ఆ చెక్క విప్పి రెండువైపులా మళ్ళీ బోరాక్స్ పట్టించాం, కింద నల్ల కాగితం పరిచే ఉంచాం, వచ్చే వానాకాలం అయ్యాక పొడి ఉందో లేదో చూసి ఆ చెక్క ఉంచాలా మార్చాలా అన్నది తేలుస్తాం.